ఉక్కబోతలో ఊపిరాడే పక్క: మంచం అడుగు నుంచి దుప్పటి దాకా

దక్షిణ ఒడిశా తీరాన బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు మే, జూన్ రాత్రుల్లో ఎండ తగ్గినా చెమట తగ్గదు. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఒంటి మీది చెమట ఆరదు, పక్కలోకి దిగుతుంది. పక్క దాన్ని పీల్చి వదిలేస్తే నిద్ర సాగుతుంది. పట్టుకుని కూర్చుంటే ఏ రెండింటికో వీపు తడిసి మెలకువ వచ్చేస్తుంది. కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి కొండల మీద సంగతి వేరు. కొరాపుట్ పట్టణమే దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు గట్టిగా వణికిస్తాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఈ రెంటికీ మధ్య. కాబట్టి మీ చుట్టం బరంపురంలో కొన్న పరుపే కొరాపుట్ జిల్లా జయపురంలో మీకూ నప్పుతుందని అనుకోకండి.

షాపులో అందరూ మొదట చేసే పని దుప్పటిని అరచేత్తో నిమిరి చూడటం. కొత్త బట్ట నునుపు చాలావరకు గంజిదీ, మిల్లులో పూసిన సిలికాన్ పూతదీ. నాలుగు ఉతుకులకు అది పోతుంది. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రాత్రి పీల్చిన తడి పొద్దున్న వంట అయ్యేలోగా ఆరిపోతుందా? ఇది దుప్పటి ఒక్కదానితో తేలదు. పైన ఎంత మంచి నూలు దుప్పటి పరిచినా కింద గాలి ఆడని పొర ఒక్కటుంటే చెమట అక్కడే ఆగిపోతుంది. అందుకే కింద నుంచి పైకి చూసుకుంటూ రండి.

మొదట మంచం అడుగు

నులక మంచం, నవారు మంచం ఉన్నవాళ్లకు ఇక్కడ పనేమీ లేదు, కింద నుంచి గాలి దానంతటదే వస్తుంది. ఇబ్బంది ప్లైవుడ్ పలక వేసిన పెట్టె మంచాలతో. పరుపు అడుగుకు దిగిన తేమకు పలక అడ్డం పడుతుంది. ఒక పరీక్ష చేయండి. రాత్రి పడుకునే ముందు పరుపుకీ పలకకీ మధ్య పొడి వార్తాపత్రిక కాగితం ఒకటి వేసి, పొద్దున్న తీసి చూడండి. పెళపెళలాడుతూ ఉంటే సరే. మెత్తబడి ముడతలు పడి ఉంటే వడ్రంగిని పిలిచి పలకకు ఒక అంగుళం బిట్టుతో, 9 అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు వేయించండి. 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచానికి 50, 60 రంధ్రాలు పడతాయి. అంచు నుంచి 4 అంగుళాలు వదిలెయ్యాలి, కింద అడ్డ కర్ర ఉన్నచోట వేయకూడదు. పెట్టెలో పాత బట్టలు పలక దాకా కుక్కితే రంధ్రాలు వేసి లాభం లేదు. పైన 3, 4 అంగుళాల ఖాళీ ఉంచండి.

కొత్తగా చేయించుకునేవాళ్లు పలకకు బదులు చెక్క బద్దలు వేయించుకోవడం మేలు. బద్దకీ బద్దకీ మధ్య 2 నుంచి 3 అంగుళాల సందు చాలు. అంతకు మించితే ఫోమ్ పరుపు సందుల్లోకి కుంగి, ఏడాదిలోపే మీద గాడులు కనిపిస్తాయి.

నేల మీద పడుకునేవాళ్లకు వానాకాలంలో సిమెంటు నేలే శత్రువు. నేల చల్లగా, గాలి తడిగా ఉంటే పరుపు అడుగున నీరు చేరుతుంది. ప్లాస్టిక్ చాప వేస్తే ఇంకా చెడ్డ, ఆ నీరు చాప మీదే నిలిచి రెండు మూడు వారాల్లో నల్ల బూజు మచ్చలు లేస్తాయి. తుంగ చాప గానీ తాటాకు చాప గానీ వేసి దాని మీద పరుపు పరచండి. పొద్దున్నే రెండూ ఎత్తి గోడకు నిలబెట్టాలి. ఈ చివరి పని మానేస్తే ఏ చాపా కాపాడదు.

పరుపు

ఈ వాతావరణంలో దూది పరుపుకు సాటి వచ్చేది తక్కువ. కానీ దూది అంటే అన్నీ ఒకటి కావు. దుకాణంలో పరుపు మూల కుట్టు రెండంగుళాలు విప్పించి చిటికెడు దూది లాగి చూడండి. మంచి దూది పోగులు రెండు మూడు సెంటీమీటర్ల పొడవున సాగి వస్తాయి. మిల్లు వ్యర్థమైతే పొడిలా రాలుతుంది. మధ్యలో ఎరుపు, నీలం దారపు ముక్కలు కనిపిస్తే అది పాత బట్టలు చింపి తీసిన దూది. బరువెక్కువ, గాలి తక్కువ, ఆరు నెలలకే గట్టిపడుతుంది. కుట్టు విప్పనంటే ఆ దుకాణం వదిలెయ్యండి. కళ్లముందు దూది ఏకి, తూచి, నింపి కుట్టే చోట చేయించుకోవడమే పద్ధతి.

3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం పరుపుకు 10 నుంచి 12 కిలోల దూది పడుతుంది. 8 కిలోలతో సరిపెడితే నాలుగు నెలలకు నడుం కింద పలక తగులుతుంది. 15 కిలోలు కూరితే గట్టిపడి గాలి ఆడదు, పైగా ఒక మనిషి ఎత్తి ఎండలో వేయలేడు. ఎత్తలేని దూది పరుపు ఎండ చూడదు, ఎండ చూడని దూది పరుపు ఈ తీరంలో రెండు వానాకాలాలు దాటదు. అందుకే జంట మంచానికి కూడా ఒకటే పెద్ద పరుపు కాకుండా 3 అడుగులవి రెండు కుట్టించుకోండి.

పై గుడ్డ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. లోపల మేలైన దూది పోయించి, పైన మెరిసే పూల శాటిన్ గుడ్డ వేయిస్తారు. ఆ గుడ్డ పాలిస్టర్, చెమటను లోపలికి వెళ్లనివ్వదు. చారల నూలు గుడ్డ అడగండి, నేత దట్టంగా ఉండాలి, కుట్టే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాత తడి తగిలినప్పుడు ముడుచుకుని పరుపు గుండ్రమవుతుంది. మీద వేసే ముడి కుట్లు 9, 10 అంగుళాలకొకటి ఉండాలి. దూరమైతే దూది పక్కలకు జరిగి నడిమధ్య గుంట పడుతుంది.

రెండు మూడేళ్లకోసారి దూది మళ్లీ ఏకించాలి. ఫిబ్రవరి, మార్చి దానికి సరైన కాలం: ఎండ ఉంటుంది, గాలి ఇంకా బరువెక్కదు. ఇచ్చేటప్పుడూ తెచ్చుకునేటప్పుడూ తూచుకోండి. కొంత ధూళిగా పోవడం మామూలే, కాబట్టి కిలో, రెండు కిలోలు కొత్త దూది కలపమనండి.

కొబ్బరిపీచుకు రబ్బరు పట్టించి చేసే కాయర్ పరుపులో పోగుల మధ్య ఖాళీలుంటాయి, గాలి బాగానే ఆడుతుంది, నడుంనొప్పి ఉన్నవాళ్లకు దాని గట్టిదనం నచ్చుతుంది. కొన్నేళ్లకు రబ్బరు పొడిబారి కుంగుతుంది. స్ప్రింగ్ పరుపు లోపల ఖాళీ ఉన్నా పైన వేసే ఫోమ్ పొర మందమైతే ఆ సుఖం దక్కదు. మామూలు ఫోమ్ అయితే 32 డెన్సిటీకి (ఘనపు మీటరుకు 32 కిలోలు) తగ్గనిది చూడండి, అంతకు తక్కువది త్వరగా పల్చబడుతుంది. మెమరీ ఫోమ్ మాత్రం తీరంలో ఏసీ లేని ఇంటికి దండగ. ఒంటి వేడికి మెత్తబడి శరీరాన్ని లోపలికి దించుకుంటుంది, దిగినచోట చుట్టూ గాలి ఆడదు. కొండ మీద చలికి అదే సుఖంగా ఉంటుంది, అది వేరే మాట.

ఇంట్లో ఇప్పటికే ఫోమ్ పరుపు ఉంటే పారెయ్యనక్కర్లేదు. దాని మీద ఒకటిన్నర అంగుళాల పల్చటి దూది పరుపులు, మనిషికొకటి చొప్పున వేయండి. ఒక్కోదానికి నాలుగైదు కిలోల దూది చాలు. చెమట దూది దగ్గరే ఆగుతుంది, దాన్ని ఎండలో వేయడం చిన్నపిల్లల పని. కొత్త పరుపుతో వచ్చిన ప్లాస్టిక్ కవరు మాత్రం మొదటి రోజే తీసెయ్యండి. మాసిపోతుందని ఏళ్ల తరబడి కవరుతోనే వాడే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లు రాత్రంతా పడుకునేది ప్లాస్టిక్ మీదే. పసిపిల్లలు పక్క తడిపే ఇళ్లలో పరుపంతా రెక్సిన్ వేయకుండా, వాళ్లు పడుకునేచోట మాత్రమే చిన్న నీరంటని గుడ్డ, దాని మీద మడిచిన పాత నూలు పంచె వేయండి.

తలగడ

తలకు, మెడకు చెమట ఎక్కువ. తలగడకు ఈ ప్రాంతంలో మొదటి ఎంపిక బూరుగు దూది. ఒడియా దుకాణాల్లో శిమిళి తుళా అని అడగండి. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనపు పొర ఉంటుంది. నీరు పీల్చదు, తేలిగ్గా ఉంటుంది, తల కింద వేడెక్కదు. కాయలు ఎండాకాలంలో పగులుతాయి, కొత్త దూది దొరికేదీ అప్పుడే.

కొనేటప్పుడు గింజలు పూర్తిగా తీశారో లేదో గుప్పిట పట్టి నలిపి చూడండి. గింజ మిగిలితే గుచ్చుకోవడం ఒకటి, ఎలుకలూ పురుగులూ రావడం ఇంకొకటి. 18 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు తలగడకు కిలో, మహా అయితే కిలోంపావు. అంతకు మించి కూరితే రాయిలా ఉండి మెడ పడుతుంది. బూరుగు పోగు జారుడు, పల్చటి గుడ్డలోంచి బయటికి వచ్చి ముక్కులోకి పోతుంది కాబట్టి లోపలి సంచి దట్టమైన నేత ఉండాలి, కుట్టు రెండు వరసలుండాలి. దీన్ని ఉతకకూడదు, ఉతికితే ఉండలు కడుతుంది. రెండు మూడేళ్లకు పోగులు విరిగి పొడవుతాయి. అప్పుడు ఏకించినా ఫలితం తక్కువ, మార్చడమే. ఉబ్బసం ఉన్నవాళ్లు దానికి బదులు ఉతికి ఆరబెట్టగల ఫైబర్ తలగడ తీసుకుని, దాని మీద నూలు సంచి, ఆ పైన నూలు గలీబు వేసుకుంటే దుమ్ము బాధ తగ్గుతుంది.

ఎత్తు సంగతి: వెల్లకిలా పడుకునేవాళ్లకు తల బరువు పడ్డాక 3 అంగుళాలు మిగిలితే చాలు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం వెడల్పును బట్టి 4, 5 అంగుళాలు కావాలి. ఏడాది లోపు పసివాళ్లకు తలగడే వద్దు, మెత్తటి పరుపూ వద్దు. గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

దుప్పటి

ప్రయోగశాల లెక్కలో, 65 శాతం తేమ ఉన్న గాలిలో నూలు తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ 0.4 శాతమే. మైక్రోఫైబర్ అన్నా పాలిస్టరే. చేతికి పట్టులా తగిలినా చెమట దాని మీద తేలి వీపుకు అంటుకుంటుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే ‘గ్లేస్ కాటన్’, ‘కాటన్ ఫీల్’ దుప్పట్లలో చాలామటుకు ఉండేది పాలిస్టరే. లేబుల్ మీద ‘100 శాతం కాటన్’ అని స్పష్టంగా లేకపోతే కాదనే అనుకోండి.

అనుమానం తీర్చుకోవడానికి అంచు నుంచి నిలువు పోగులు నాలుగు, అడ్డ పోగులు నాలుగు విడివిడిగా లాగండి. కలనేతలో పాలిస్టర్ ఒకవైపే ఉండొచ్చు కాబట్టి రెండూ చూడాలి. స్టీలు పళ్లెం మీద పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. బూడిదలో గరుకు పలుకులు తగిలితే కలిపారని అర్థం. పరుపు మీదో దుప్పటి దగ్గరో ఈ పని చేయకండి.

త్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో నిలువు, అడ్డ పోగుల మొత్తం. తీర ప్రాంతానికి 180 నుంచి 250 చక్కగా సరిపోతుంది, 300 దాకా ఫరవాలేదు. 800, 1000 అని రాసినవాటిలో సాధారణంగా ఒక్కో దారంలో మెలేసిన పురులన్నీ విడివిడిగా లెక్కేస్తారు. నిజంగా అంత దట్టంగా నేసినా మనకు అక్కర్లేదు, గాలి ఆడదు. నేతలో పెర్కేల్ అనే సాదా నేత తీసుకోండి, ఒక పోగు పైకి ఒక పోగు కిందికి వెళ్తుంది, ఒంటికి అంటదు. సాటీన్ నేత మెరుస్తుంది, జారుతుంది, కాస్త వెచ్చగా ఉంటుంది, కొరాపుట్ వాళ్లకు బాగుంటుంది.

మందం అంతకన్నా ముఖ్యం, దాన్ని ఎవరూ చూడరు. నూలు నీరు పీల్చినంత త్వరగా వదలదు. మందపాటి నూలు దుప్పటి జులై, ఆగస్టుల్లో రెండు రోజులైనా ఆరక ముక్కిన వాసన వేస్తుంది. చదరపు మీటరుకు 110 నుంచి 130 గ్రాములు ఈ తీరానికి తగిన బరువు. లేబుల్ మీద ఆ లెక్క లేకపోతే త్రాసు ఉంది కదా. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు దుప్పటి వైశాల్యం 5.8 చదరపు మీటర్లు. గలీబులు పక్కన పెట్టి దుప్పటి ఒక్కటే తూస్తే 700 గ్రాముల దగ్గర ఉండాలి, అది 120 గ్రాముల బట్ట. 870 ఉంటే 150 గ్రాములది, చలికాలానికి దాచుకోండి. 500 ఉంటే మరీ పల్చన, నడుం దగ్గర త్వరగా చిరుగుతుంది.

కొలత దగ్గర జరిగే పొరపాటు ఇంకోటి. 72 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం పరుపుకు 90 అంగుళాల దుప్పటి కొంటారు. పైనా రెండు పక్కలా కప్పడానికే 84 పోతాయి. నూలు మొదటి ఉతుకుల్లో 5 శాతం ముడుచుకుంటే 90 కాస్తా 85న్నర అవుతుంది. మిగిలింది ఒకటిన్నర అంగుళం, అంటే పక్కకు ముప్పావు. పరుపు కింద దోపడానికి ఏమీ ఉండదు, అర్ధరాత్రికి దుప్పటి తాడులా చుట్టుకుంటుంది. పరుపు వెడల్పుకు మందం రెండింతలు కలిపి, రెండు పక్కలా దోపడానికి 6 అంగుళాల చొప్పున మరో 12 కలిపి, ముడతకు 5 శాతం వేసుకోండి. ఈ లెక్కన 100 దాటుతుంది, 108 అంగుళాలది కొనాలి.

చేనేత ఇష్టపడేవాళ్లకు ఒడిశా చేనేత సహకార సంఘం బొయొనిక దుకాణాల్లో సంబల్‌పురి బంధ (దారానికి ముడులేసి రంగద్ది నేసే ఇక్కత్) దుప్పట్లు దొరుకుతాయి. మొదట గరుగ్గా ఉన్నా పది ఉతుకులకు మెత్తబడతాయి, నేత వదులు కాబట్టి గాలి బాగా ఆడుతుంది. రెండు ముక్కలు కలిపి మధ్యలో కుట్టినవి ఉంటాయి, ఆ కుట్టు నడుం కింద గుచ్చుకుంటుందేమో పరచి చూడండి. ముదురు రంగైతే తడి తెల్ల రుమాలుతో రుద్ది చూసి కొనండి.

కొత్త దుప్పటిని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, మర్నాడు సబ్బుతో ఉతికాకే పరవాలి. గంజి, పూత వదిలితేనే అది చెమట పీల్చడం మొదలుపెడుతుంది. చుక్క నీరు వేసి చూడండి, వెంటనే ఇంకాలి. వాసనకోసం వేసే కంఫర్ట్ లాంటి ద్రవాలు పోగుల మీద పొరలా పేరుకుంటాయి, పక్క బట్టలకు వాడకండి. జూన్ నుంచి అక్టోబరు దాకా గంజి కూడా వద్దు. గంజి ఉన్న బట్టకు బూజు త్వరగా పడుతుంది.

కప్పుకునేది

తీరంలో ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు పల్చటి నూలు దుప్పటి ఒక్కటే చాలు. పాత నూలు చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత డిసెంబరుకు సరిపోతుంది. పాలిస్టర్ చీర ఒక్క పొరగా కలిసినా బొంత చెడుతుంది. కొండ మీద ఒకే బరువైన మింక్ రగ్గు కన్నా, లోపల నూలు దుప్పటి, దాని మీద షోలాపూర్ చద్దరు, చలి ముదిరితే పైన ఉన్ని రగ్గు వేసుకోవడం మేలు. మింక్ పాలిస్టర్ కాబట్టి మొదట వెచ్చగా ఉన్నా తెల్లవారుజామున లోపల చెమట పట్టి, తీసిన మరుక్షణం చలి కొడుతుంది.

కొరాపుట్, రాయగడ, గజపతి మలేరియా జిల్లాలు, దోమతెర తప్పదు. తెర గాలిని కొంత ఆపుతుంది, అందుకని తెర తీసెయ్యకుండా ఫ్యాను మార్చండి: టేబుల్ ఫ్యాను తెరకు అడుగున్నర దూరంలో, పక్క ఎత్తున పెడితే సీలింగు ఫ్యాను కన్నా గాలి బాగా దూరుతుంది. దట్టమైన నూలు తెర కన్నా సన్న దారపు పాలిస్టర్ తెరలో గాలి ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్ల ఫైబర్ తలగడ మినహాయిస్తే, పక్కలో పాలిస్టర్ పనికొచ్చే చోటు ఇదొక్కటే. సర్కారు పంచే మందు పట్టించిన తెరలను చల్లనీళ్లతో, తేలికపాటి సబ్బుతో ఉతికి నీడలో ఆరబెట్టండి. ఎండకీ వేడినీళ్లకీ మందు పోతుంది.

ఉతుకు, ఎండ

దుప్పటి వారానికోసారి, గలీబులు వారానికి రెండుసార్లు. దుమ్ము పురుగులు చావాలంటే నీళ్లు 60 డిగ్రీల దాకా ఉండాలి. మరిగే నీళ్లూ మామూలు నీళ్లూ సమంగా కలిపితే దాదాపు అంత వేడి వస్తుంది. మనిషికి మూడు జతలు ఉంచుకోండి: ఒకటి పక్క మీద, ఒకటి దండెం మీద, ఒకటి మడతలో. వానాకాలంలో రెండు జతలతో గడవదు.

పరుపును పదింటికి ఎండలో వేసి, నడిమధ్యాహ్నం తిప్పి, మూడింటికల్లా లోపలికి తేవాలి. గోపాల్‌పూర్ లాంటి చోట్ల మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తేమ మోసుకొస్తుంది కాబట్టి పొద్దుటి ఎండే మంచిది. తెచ్చిన వెంటనే పరవకండి, గంట చల్లారనివ్వండి. ఎండతో నల్లులు పూర్తిగా పోవు, కుట్ల మడతల్లోకి దాక్కుంటాయి. వాటికి మంచం కీళ్లలోనూ కుట్ల వెంటా మరిగే నీళ్లో ఆవిరో తగలాల్సిందే.

ఈ జిల్లాలకు తుపాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటిన తిత్లీ గజపతి జిల్లాను వరదలో ముంచింది. అక్టోబరు మొదటి వారంలోనే ఒక జత పొడి దుప్పట్లు, గలీబులు పాలిథీన్ సంచిలో కట్టి అటక మీద పెట్టండి. పరుపు వాన నీటికి మాత్రమే తడిస్తే రెండు రోజుల్లోపు కుట్టు విప్పి దూది పల్చగా పరచి ఆరబెట్టాలి, ఆలస్యమైతే లోపల బూజు పడుతుంది. మురుగు కలిసిన వరద నీటిలో మునిగిన దూది, బూరుగు, ఫోమ్ దేన్నీ ఉంచుకోకండి. కరెంటు లేని ఆ రాత్రుల్లో ఫోమ్ పరుపు పక్కకు తీసి, నవారు మంచం మీదో చాప మీదో ఒక్క పల్చటి దుప్పటి పరచుకుని, కిటికీకి ఎదురుగా తెర కట్టుకుని పడుకోండి.